చూలాలి కంచము

గర్భిణీస్త్రీ వైద్యశాలకు పోయినపుడు జరుగు పరీక్షలు మీలో పెక్కుమంది యెఱిగినవే. తూకము చూతురు. రక్తపుపోటు కొలుతురు. వ్రేలిని గ్రుచ్చి నెత్తురు తీసి యందు హీమోగ్లోబిన్ ఎంత యున్నదో లెక్కింతురు. మూత్రమును పరీక్షింతురు. కడుపుపై చేయి వైచి శిశువు పెరుగుదలను గమనింతురు. ఇవి యన్నియు అవసరమైనవే. ఇందులో నొక్కటియు మానదగినది కాదు. కాని యీ పరీక్షలన్నిటికంటెను ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి తఱచుగా అడుగబడకయే పోవుచున్నది. “అమ్మా, నిన్న రాత్రి నీవేమి తింటివి? ఈ వారమునకు సరిపడు తిండి యింటిలో నున్నదా?” అనునదే యా ప్రశ్న.

ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము లేనిచోట తక్కిన పరీక్షలు రోగమును కనిపెట్టగలవు గాని దాని మూలమును పెఱికివేయజాలవు. గర్భిణికి వలయు వైద్యమును, గర్భిణికి వలయు ఆహారమును రెండు వేర్వేఱు పనులని మనము భావించుచున్నాము. ఒకటి వైద్యునిదనియు, రెండవది వంటయింటిదనియు తలంచుచున్నాము. ఆ రెండును ఒక్కటే పనియనియు, ఒకదానిని విడిచి రెండవది నెఱవేఱదనియు మనవి చేయుటయే నేటి ప్రసంగముయొక్క యుద్దేశము.

మొదట ఉన్నస్థితిని చూతము. మన రెండు తెలుగు రాష్ట్రములలోను కాన్పుల మూలమున తల్లులు మరణించుట బాగుగ తగ్గినది. 2018-20 సంవత్సరముల ప్రభుత్వగణన ననుసరించి లక్ష సజీవజననములకు ఆంధ్రప్రదేశమున 45 మంది, తెలంగాణమున 43 మంది తల్లులు చనిపోయిరి. దేశమంతటికిని ఆ సంఖ్య 97. ఈ రాష్ట్రములలో నూటికి 95కు మించిన కాన్పులు వైద్యశాలలయందే జరిగినట్లు 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము తేల్చినది. చీకటిగదిలో, కాగని కత్తితో బొడ్డు కోసిన కాలము గడచినదని మనము సంతోషింపవచ్చును.

అయితే ఆ సర్వేక్షణమే మఱియొక సంగతిని గూడ తెలిపినది. గర్భిణులలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 53.7 మంది, తెలంగాణమున 53.2 మంది. దేశమంతటను చూచినచో 2015-16లో నూటికి 50.4గా నున్నది 2019-21 నాటికి 52.2 ఆయెను. అనగా తల్లులు ఆస్పత్రి గుమ్మము చేరుచున్నారు; కాని పాలిపోయిన నెత్తురుతో చేరుచున్నారు. రక్తహీనత కంతకును తిండిలేమియే కారణమని చెప్పరాదు. కొంకిపురుగులు, మలేరియాజ్వరము, ఎడము లేని కాన్పులు, వంశానుగతమైన రక్తదోషములు కూడ అందుకు కారణములగును. అయినను ఆ కారణములలో ప్రధానమైనది కంచములోని కొఱతయే.

గర్భిణికి అదనముగా కావలసిన దెంత? చూలాలు ఇద్దఱి కూడు తినవలెనని మన పెద్దలు చెప్పుదురు. శాస్త్రము కోరునది అంత పెద్ద మొత్తము కాదు. హైదరాబాదులోని జాతీయ పోషణసంస్థ నిపుణులు 2020లో ప్రకటించిన ప్రమాణముల ననుసరించి గర్భిణికి దినమునకు 350 కాలరీల శక్తి నిచ్చు ఆహారము అదనముగా కావలెను. దేహమును కట్టు మాంసకృత్తులు నాలుగవ నెల మొదలు దినమునకు 9.5 గ్రాములు, ఏడవ నెల మొదలు 22 గ్రాములు ఎక్కువగా కావలెను. ఈ యంకెలను కంచములోనికి దింపి చూతము. ఒక కోడిగ్రుడ్డు, ఒక గ్లాసెడు పాలు, ఏబది గ్రాముల కందిపప్పు: ఈ మూడును కలిసినచో ఆ కాలరీలును, ఆ మాంసకృత్తులును ఇంచుమించుగా సరిపోవును. గ్రుడ్డు ముట్టనివారు మఱికొంత పప్పో, వేరుసెనగలో, పెరుగో చేర్చుకొనవచ్చును.

ఇంతేనా యని తోచవచ్చును. ఇంతే. కాని యిది అదనపు భాగమని మఱువరాదు. అంతకుముందు ఆమె కంచము నిండుగా నుండిననే యిది చాలును. పెండ్లినాటికే బక్కచిక్కి, రక్తము తక్కువై యున్న బాలికకు ఈ యదనము పాతలోటును తీర్చుటకే చాలదు. శక్తి యొక్కటే చాలదనియు గమనింపవలెను. నూఱు గ్రాముల బియ్యము వండి పెట్టినను 350 కాలరీలు వచ్చును. కాని యందు గ్రుడ్డులోని సారము లేదు, ఆకుకూరలోని సారము లేదు. కడుపు నిండుట వేఱు, ఒడలు పుష్టినొందుట వేఱు. చౌకబియ్యము దొరకుటచే ఒట్టి పస్తులు చాల యిండ్లలో తగ్గినవి. అన్నముమీదికి కావలసిన పప్పు, పాలు, కూర, గ్రుడ్డు మాత్రము పేదయిండ్లకు ఇంకను దినదినము రాలేదు. బయటివారి కంటికి కానరాని ఆకలి యిదియే.

ఇక ఇనుము సంగతి. గర్భధారణము మొదలు కాన్పువఱకు తల్లికి మొత్తముమీద ఒక గ్రాము, అనగా వెయ్యి మిల్లీగ్రాముల ఇనుము కావలెను. ఒక గ్రామనగా ఒక చిన్నమేకు బరువు. తల్లి నెత్తురు పెరుగుటకు, శిశువు నెత్తురు ఏర్పడుటకు, మాయ పెరుగుటకు, కాన్పునాటి రక్తస్రావమును తట్టుకొనుటకు ఇది పనికివచ్చును. మనము తిను ధాన్యములలోను ఆకుకూరలలోను ఇనుము కలదు గాని దేహము అందు స్వల్పభాగమునే గ్రహింపగలదు. అందుచేతనే ప్రభుత్వము నాలుగవ నెలనుండి దినమునకొక మాత్రచొప్పున 180 దినములు, కాన్పు తరువాత మఱి 180 దినములు ఇనుపమాత్ర లిచ్చు నేర్పాటు చేసినది. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, దానితో కూడ ఫోలిక్ ఆమ్లమును ఉండును.

ఆ ఫోలిక్ ఆమ్లము కథ మన దేశముతోను, మన తెలుగువారితోను పెనవైచుకొన్నది. పైగా అది నేటి విషయమునకు మంచి నిదర్శనము. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చెను. అచట బట్టలమిల్లులలో పనిచేయు పేదస్త్రీలకు గర్భదశలో ఘోరమైన రక్తహీనత కలుగుచుండెను. అది పెక్కండ్రకు ప్రాణాంతకము గూడ అగుచుండెను. ఆమె సూక్ష్మజీవులను వెదకుటతో తృప్తిపడక ఆ స్త్రీలు ఎట్టి యిండ్లలో నుండిరో, ఏమి తినుచుండిరో విచారించెను. వారి తిండివంటి తిండినే యెలుకలకును, తరువాత కోతులకును పెట్టి పరీక్షించెను. తుదకు ఈస్టునుండి తీసిన సారము, చౌకగా అంగడిలో దొరకు వస్తువు, ఆ రోగిణులకు ఇచ్చినపుడు వారు కోలుకొనిరి. ఈ ఫలితమును ఆమె 1931లో ప్రకటించెను.

ఆ ఈస్టుసారములోని గుణకారియైన పదార్థమే 1941లో పాలకూరనుండి వేఱుచేయబడి, ఆకునుండి వచ్చినదగుటచే ఫోలిక్ ఆమ్లమను పేరు పొందెను. లాటినుభాషలో ఫోలియమనగా ఆకు. 1945లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు పల్లెలోని గర్భిణి చేతిలో నుండు మాత్రకు మూలమిది. అది యౌషధముగా పుట్టలేదు. పేదరాలి కంచములో ఏది లోపించినదను ప్రశ్నకు సమాధానముగా పుట్టినది. ఆ మాత్ర నిచ్చుచు ఆ ప్రశ్నను మఱచుట న్యాయమా?

గర్భిణి ఆకలి ఫలితము ఆమెతోనే తీరిపోవునా? ఈ విషయమును తెలిసికొనుటకు మనుష్యులను ఆకలితో మాడ్చి పరీక్షింప నెవరికిని హక్కు లేదు. కాని యుద్ధము ఒకచోట ఆ క్రూరపరీక్షను జరపెను. 1944వ సంవత్సరపు శీతకాలమున, రెండవ ప్రపంచయుద్ధపు తుదినెలలలో, హాలెండుదేశపు పశ్చిమభాగమునకు ఆహారపు రవాణాను జర్మనులు ఆపివేసిరి. ఒక్కొక్క మనిషికి దినమునకు దొరకు తిండి వెయ్యి కాలరీలకు తగ్గి, కొన్ని వారములు నాలుగైదువందలకు గూడ దిగజాఱెను. 1945 మేనెలలో విమోచనము కలిగి తిండి మరల దొరకెను. కఱవునకు ఆద్యంతములు స్పష్టముగా నుండుటచేతను, పుట్టిన శిశువుల తూకములు జాగ్రత్తగా వ్రాసి పెట్టబడియుండుటచేతను, ఏ తల్లి ఏ నెలలో ఆకలిగొన్నదో, దాని ఫలితమేమో పండితులు తరువాత చూడగలిగిరి.

కడపటి మూడునెలలలో ఆకలిగొన్న తల్లుల బిడ్డలు సుమారు 300 గ్రాముల తక్కువ తూకముతో పుట్టిరి. తొలినెలలలో ఆకలిగొని, తరువాత చాలినంత తిన్న తల్లుల బిడ్డలు పుట్టుకలో మంచి తూకముతోనే యుండిరి. కాని నడివయసు వచ్చునప్పటికి వారిలో గుండెజబ్బులు ఇతరులకంటె ఎక్కువగా కనబడెను. కడుపులో నున్నపుడు కలిగిన కొఱత ఏబదియేండ్ల తరువాత వ్యాధియై బయటపడినదన్నమాట. బిడ్డ బాగుగ పుట్టినది కదా, ఇక భయము లేదని నిశ్చింతగా నుండుటకు వీలులేదని యిందువలన తేలుచున్నది.

దీనికి మాఱుదిక్కుగా, తిండి పెట్టినచో కలుగు మేలును చూపు నిదర్శనము మన హైదరాబాదు చేరువనే కలదు. 1987 మొదలు 1990 వఱకు ఆ నగరమునకు దగ్గఱనున్న కొన్ని గ్రామములలో గర్భిణులకును, బాలెంతలకును, చిన్నపిల్లలకును దినదినము మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో వండిన ఉప్మా పెట్టిరి. గర్భిణి పాలు సుమారు 500 కాలరీలు. ఆ పథకము ఇంకను చేరని చుట్టుపట్ల గ్రామములను పోలికకు గైకొనిరి. పదునైదేండ్ల తరువాత, ఆ పిల్లలు 13 మొదలు 18 ఏండ్లవారైనపుడు మరల కొలిచి చూడగా, ఉప్మా పెట్టిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తెక్కువగా నుండిరి. మధుమేహమునకు దారితీయు రక్తలక్షణములు వారిలో తక్కువగా నుండెను. పదునాలుగు మిల్లీమీటర్లు కంటికి చిన్నదే. కాని ఉప్మా ఒక విందుకాదు. పదునైదేండ్ల తరువాత గూడ దాని జాడ దేహములో నిలిచియుండుట గమనింపదగినది.

ఇప్పుడు ఇంటిలోనికి వత్తము. గర్భిణి కంచము ఏల వెలితి యగుచున్నది? ఒక వ్యవసాయకూలీ కుటుంబమును మనస్సులో నుంచుకొనుడు. భార్యాభర్త లిరువురును కూలికి పోయిననే ఇల్లు గడచును. ఆమెకు నెలలు నిండుకొలది వంగి నాట్లు వేయుట, బరువులెత్తుట సాధ్యము కాదు. ఏడవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో ఆమె కూలి నిలిచిపోవును. అనగా ఆమెకు తిండి యెక్కువగా కావలసిన నెలలోనే యింటి రాబడి తగ్గును. ఆ నెలలు నాట్లకును కోతలకును నడుమనుండు పనిలేని దినములలో పడినచో చెప్పనక్కఱలేదు.

రాబడి తగ్గిన యింటిలో తిండి యొక్కసారిగా మాయము కాదు, మెట్టుమెట్టుగా దిగును. మొదట పాలు మానును. తరువాత కూరగాయలు వారమున కొకటి రెండుమాఱులగును. పిమ్మట పప్పు పలుచనై చారగును. అటుపిమ్మట కారమో పచ్చడియో అన్నములోనికి మిగులును. తుదిమెట్టున ఒకరి కంచములోని యన్నమే తగ్గును. ఆ ఒకరెవరో వేఱుగ చెప్పవలెనా? వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను లోటులేదని సామెత. మన యిండ్లలో వడ్డించునామెయే కడపంక్తిని కూర్చుండును; లోటంతయు ఆమెకే. ఆకలిగా నున్నదని ఆమె చెప్పదు, ఎవ్వరును అడుగరు. మగవారును, అత్తమామలును, పిల్లలును తినిన తరువాత గిన్నె యడుగున నున్నది ఆమె భోజనము.

ఇది నిరుపేదల యింటి సంగతి మాత్రమే కాదు. తినుటకు కలిగిన యిండ్లలో గూడ చూలాలి కంచమును తగ్గించు నమ్మకములు కొన్ని కలవు. ఎక్కువ తిన్నచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని భయపెట్టుదురు. నిజమునకు కాన్పు కష్టమగుటకు తఱచు కారణము తల్లి కటిభాగము ఇఱుకుగా నుండుట. ఆ యిఱుకు ఆమె చిన్ననాటి అర్ధాకలివలన ఎదుగుదల కుంటుపడుటచే గూడ కలుగును. తల్లిని మఱల ఆకలికి గుఱిచేసినచో ఆ దోషము పోదు సరికదా, నొప్పులను తట్టుకొను బలము గూడ పోవును. నువ్వులు వేడియని మాన్పింతురు. అవి ఇనుమును, ఎముకలకు వలయు సున్నమును ఇచ్చునవి. బొప్పాయిని చూచి భయపడుదురు. బాగుగ పండినదానివలన హాని లేదు, పాలుగల పచ్చికాయను మాత్రము మానవలెను. వేవిళ్లతో తొలి మూడునెలలు ఏమియు తినలేని స్త్రీకి ఆ తరువాత ఆకలి పుట్టినపుడు వీరు విధించు పథ్యములు అడ్డువచ్చును. సీమంతమునాడు పళ్లెరములనిండ పిండివంటలు పెట్టుట మంచిదే. ఆ వేడుకకగు వ్యయములో కొంత మూడునెలల పాలకు కేటాయించినచో ఇంకను మంచిది.

ఇట్లు కంచము వెలితియైనపుడు వైద్యము ఎట్లు చెడునో చూడుడు. ఇనుపమాత్రను ఆకలికడుపుతో మ్రింగినచో కడుపులో త్రిప్పును, ఓకరించును. తిండి సరిగా లేని స్త్రీకి ఈ బాధ మఱింత దుస్సహము. నాలుగు దినములు మ్రింగి, అయిదవ దినమున ఆ మాత్రలను గోడగూటిలో పెట్టును. ఆమె మూఢురాలని మనము నిందింతుము. 2019-21 సర్వేక్షణములో 180 దినములు పూర్తిగా మాత్రలు మ్రింగినట్లు చెప్పిన తల్లులు దేశమంతటను నూటికి 26 మందియే. వీరందఱును అజ్ఞానముచేతనే మానిరని తలంచుట సరికాదు. రాత్రి భోజనమైన తరువాత మ్రింగుమని చెప్పుట సులభము. ఆ భోజన మున్నదా లేదా యని విచారించుటయే చికిత్సకు ప్రారంభము.

పరీక్షలకు పోవుటయు నట్టిదే. పండ్రెండు వారములలోపల పేరు నమోదు చేయించుకొని, కాన్పులోపల నాలుగుమాఱులకు తక్కువ కాకుండ పరీక్ష చేయించుకొనవలెనని మన ప్రభుత్వ నియమము. ఎనిమిదిమాఱులైన మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లో సూచించినది. కూలియింటి స్త్రీకి ఒక్కొక్క పరీక్షయు ఒకనాటి కూలి. తోడుగా భర్త వచ్చినచో రెండు కూళ్లు. పరీక్ష ఉచితమే, దినము ఉచితము కాదు. ఆస్పత్రికి పోయిననాడు పొయ్యి వెలుగదన్నచో ఆమె పోకుండుటయే వింతకాదు. ఆ పోకపోవుటవలననే పోటు పెరిగినను తెలియదు, హీమోగ్లోబిన్ ఏడు గ్రాములకు దిగినను తెలియదు. పదునొకండు గ్రాములకు తక్కువైనచో రక్తహీనత. ఏడునకు తక్కువైనచో ప్రాణాపాయము. అట్టి తల్లికి కాన్పునాడు ఇతరులు తట్టుకొనగల రక్తస్రావమే మృత్యువగును.

ఈ రెండు తాళ్లను ముడివైచు ప్రయత్నములు జరుగకపోలేదు. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముచేత అంగన్వాడీకేంద్రములు పుట్టినవి. అందు ఒకేచోట తిండియు, ఆరోగ్యవిచారణయు జరుగవలెనని సంకల్పము. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము దీనిని దయగా గాక హక్కుగా మార్చినది. గర్భకాలమంతయు, కాన్పైన పిదప ఆఱుమాసములును, ప్రతి తల్లికి అంగన్వాడీద్వారా ఉచితముగా 600 కాలరీలు, 18 మొదలు 20 గ్రాముల మాంసకృత్తులు గల ఆహార మందవలెనని ఆ చట్టము నాడు నిర్ణయించినది. ఆఱువేల రూపాయలకు తక్కువ కాని ప్రసూతిసహాయము గూడ అందులో విధింపబడినది. అయితే 2017లో మొదలిడిన కేంద్రపథకము మొదటి కాన్పునకు అయిదువేలనే, అదియు కంతులుగా, నిర్ణయించినది.

ఇంటికి తీసికొనిపోవు పిండి, గ్రుడ్లు ఇల్లంతయు పంచుకొనుటవలన గర్భిణికి దక్కునది అల్పమని అనుభవము తెలిపెను. అందుచేత ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013లో అమృతహస్తమను పేరను, తెలంగాణమున 2015 జనవరి 1వ తేదీనుండి ఆరోగ్యలక్ష్మి యను పేరను, కేంద్రములోనే కూర్చుండబెట్టి అన్నము, పప్పు, కూర, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఒక్కపూట వడ్డించు పద్ధతి యేర్పడెను. అచటనే ఇనుపమాత్రను మ్రింగించుటకును వీలు కలిగెను. నిండుకడుపు, మాత్ర, పలుకరించు కార్యకర్త: ఈ మూడును ఒక్కచోట కలియుటయే ఈ పద్ధతి సారము. ఇందును చిక్కులు లేకపోలేదు. మధ్యాహ్నమున చేనిలో నున్న కూలిస్త్రీ కేంద్రమునకు రాజాలదు. ఊరవతల గుడిసెలలోని గర్భిణి యంతదూరము నడువజాలదు. ఇటుకబట్టీలకును, పరాయిజిల్లాల పనులకును వలసపోయిన స్త్రీ పేరు సొంతయూరి పుస్తకములో నుండును; ఆమె మాత్రము మఱియొక చోట ఆకలితో నుండును. అట్టివారు తల్లీబిడ్డల రక్షణకార్డును వెంట తీసికొనిపోయి, పోయినచోటి అంగన్వాడీలో పేరు చెప్పుకొనవలెను. పనికి కుదుర్చుకొన్నవారును, ఆ యూరి ఆశా కార్యకర్తలును వారిని వెదకి చేర్పింపవలెను.

ఇక మన యిండ్లలో చేయదగినవి కొన్ని మనవి చేయుదును. ఇవి ధనముతో పనిలేనివో, కొద్దిధనముతో నెఱవేఱునవో మాత్రమే. పెరటిలో నొక మునగచెట్టు, ఒక బచ్చలితీగ, నాలుగు తోటకూరమొక్కలు ఉన్నచో ఆకుకూరకు అంగడికి పోనక్కఱలేదు. ఆకుకూరతోగాని పప్పుతోగాని నిమ్మరసము కలిపి తిన్నచో అందలి ఇనుము దేహమునకు మఱింత పట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగినచో పట్టదు. కావున గంటసేపు ఆగవలెను. ఇనుపమాత్రను, సున్నపుమాత్రను ఒక్కసారి మ్రింగరాదు. రాగియంబలి, వేయించిన శనగలు, బెల్లముతో వేరుసెనగలు చౌకలో దొరకు బలమైన పదార్థములు. ఒక్కసారిగా తినలేని గర్భిణి కొంచెము కొంచెముగా అయిదాఱుమాఱులు తినవచ్చును. మధ్యాహ్నము రెండుగంటల విశ్రాంతి కూడ ఆహారము వంటిదే. తిన్నదంతయు పనిలో కరిగిపోయినచో బిడ్డకు మిగులునదేమి? తొమ్మిదినెలలలో పది పండ్రెండు కిలోలు తూకము పెరుగుట మంచి గుర్తు. వరుసగా రెండుమాఱులు తూకము పెరుగలేదన్నచో ఆలస్యము చేయరాదు. ముఖము వాచుట, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబాఱుట, రక్తము కనబడుట, శిశువు కదలిక తగ్గుట, కొంచెము నడచినను ఆయాసము: ఇం దేది తోచినను ఆ దినమే వైద్యశాలకు పోవలెను.

వైద్యులకును, దాదులకును ఒక్క విన్నపము. ఆ కార్డుమీద తూకమును, పోటును వ్రాయునపుడే తిండినిగూర్చి ఒక్కమాట విచారింపుడు. ఇంటిలో వెలితి యున్నదని తెలిసినచో ఒక ఉపన్యాసము చెప్పి పంపివేయక, అంగన్వాడీకార్యకర్తకు ఒక కబురు పంపుడు. పాలు, పండ్లు బాగుగ తినుమని కొనలేని స్త్రీకి చెప్పుట చికిత్స కాదు. అది ఆమె పేదఱికమును ఆమెకే గుర్తుచేయుట మాత్రమే.

భర్తలకు, అత్తగార్లకు నేను చెప్పునది ఇంకను చిన్నమాట. కడుపుతో నున్న కోడలికి ముందు వడ్డింపుడు. పప్పు తేఱి పలుచబడకముందే, గ్రుడ్డు ఇంకొకరి కంచములోనికి పోకముందే, ఆమె పాలు ఆమెకు తీసిపెట్టుడు. ఆమె “నాకు వద్దు, పిల్లలకు పెట్టుడు” అనును. ఆ మాటను నమ్మకుడు. ఆమెకు పెట్టినది పిల్లలకు పెట్టినట్లే. ఆ పిల్లలలో నొకరు ఇంకను కంచము ముందుకు వచ్చి అడుగజాలని స్థితిలో నున్నారు, అంతే. వడ్డన వరుసను మార్చుటకు ఏ చట్టమును అక్కఱలేదు, ఏ పథకమును రానక్కఱలేదు. ఈ రాత్రి భోజనమునుండియే ఆరంభింపవచ్చును.